క్లచ్ ప్లేటు ఎంచుకున్న సాయంత్రం

"అతనికి చెప్పమ్మా, పందెం కార్లకు వేసే క్లచ్ మన ఇంటి కారుకెందుకని."

"మీ అమ్మగారికి చెప్పు, పందెం కోసం కాదు, మళ్ళీ స్లిప్ అవకుండా ఉండటానికని."

"మామూలు ప్లేటుతో పోయేదానికి రెట్టింపు డబ్బు ఎందుకు పోయాలో అడుగు."

"మామూలుది వేస్తే ఆర్నెల్లలో కాలిపోతుంది. మళ్ళీ గేర్‌బాక్స్ దింపాలి. పొదుపు పొదుపంటారు కదా, అసలు పొదుపు ఇదేనని చెప్పు."

నేనూ మా అల్లుడూ వంటింట్లో మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాం. చెప్పమంటున్నది మాత్రం మూసి ఉన్న తలుపుకు. ఆ తలుపు వెనక మా అమ్మాయి ఉంది. డ్రోహెడా అనే ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరు. ఆ చలికాలం కోవిడ్ వార్డులో పని కాబట్టి, నాకు అంటుతుందని ముందు గదిలో ఒక్కతే ఉండేది. అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి నేను వెనక్కి వచ్చాక తలుపు తీసేది.

మా వైపు అత్త అల్లుడికి ఎదురు నిలిచి వాదించదు. ఏదన్నా ఉంటే కూతురి మీదుగా చెబుతుంది. పదేళ్ళుగా నేనూ అంతే. మూడు నెలలకని ఈ పరాయి దేశంలో వీళ్ళుండే నేస్ ఊరికి వచ్చి, విమానాలు ఆగిపోయి, ఒకే కప్పు కింద ఏడాది కావస్తున్నా ఆ పద్ధతి మార్చుకోలేదు.

అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ రోగం రాకముందు సరదాపడి కారు ఇంజనుకు పవర్ పెంచించాడు. ఆ పవర్‌కు క్లచ్ తట్టుకోలేకపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరిచేది, కారు వేగం అందుకునేది కాదు. మెకానిక్ మా వాకిట్లో దూరంగా నిలబడి, మాస్కులోంచే మూడు దారులు చెప్పి వెళ్ళాడు. పెంచిన పవర్ తీసేసి మామూలు క్లచ్ వేసుకోవడం ఒకటి. పవర్ ఉంచుకుని, రాపిడి పడే లైనింగ్ మామూలుదే పెట్టి, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు బిగువైనది వేయడం రెండోది; పెడల్ కాస్త బరువవుతుంది. మూడోది సెరామిక్ ముక్కలున్న రేసు క్లచ్. ఎంత పవరైనా మోస్తుంది గానీ ఒక్క ఉదుటున పట్టుకుంటుంది. కార్లు మెల్లగా పాకే వరసలో కుదుపుతుంది, పెడల్ ఇంకా బరువు. అల్లుడికి మూడోదే నచ్చింది. వారం నుంచి ఫోనులో దాని వీడియోలే చూస్తున్నాడు.

నాకు చదువు మూడో తరగతితో ఆగింది గానీ క్లచ్ సంగతి తెలుసు. మా ఆయన ముప్పై ఏళ్ళు లారీ నడిపారు. కాలిన లైనింగ్ వాసన చొక్కాకు పట్టుకుని ఇంటికొచ్చేది. ఆ బరువు పెడల్ తొక్కీ తొక్కీ యాభై నిండకముందే ఎడమ మోకాలు పోగొట్టుకున్నారు. మెట్లు పక్కకు తిరిగి ఎక్కేవారు.

ఆ పెడల్ బరువు మాట అల్లుడితో అనకపోవడానికి కారణం ఉంది. వారం కిందట పళ్ళెం పెడుతుంటే లోపల్నుంచి అమ్మాయి పిలిచింది.

"నిన్న పోలీసు గార్డులు రోడ్డు మీద కార్లు ఆపేచోట గంట పట్టిందమ్మా. క్లచ్ తొక్కానో లేదో కాలికి తెలియలేదు. చేత్తో మోకాలు నొక్కాను."

దానికి ఎండల ముందు కోవిడ్ వచ్చి తగ్గింది. తర్వాత ఎడమ మోకాలి కింద మొద్దుబారుతోందట.

"చూపించుకోవే. నువ్వే డాక్టరువి కదా."

"చూపిస్తే డ్యూటీ ఆపుతారు. జనవరిలో కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. ఆయనకు చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు తప్పితే దానికే ఏదో అవుతుందని నా భయం. అందుకే కాలి మాట ఎత్తకుండా డబ్బు మాట ఎత్తాను. డబ్బు గురించి నేను గొడవపడితే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

"ఆరులోగా చెప్పకపోతే మెకానిక్ పార్ట్ ఆర్డర్ పెట్టడు. రేసుదే చెప్పేస్తున్నా," అని అల్లుడు ఫోన్ తీశాడు. తలుపు వైపు తిరిగి, "ఏమోయ్, నీకు ఓకేనా?" అన్నాడు.

"ఓకే. గ్రాండ్," అని ఇక్కడివాళ్ళ మాటలో అంది లోపల్నుంచి.

అంత తేలిగ్గా అనేసింది. నేను తలుపు వైపు నుంచి అల్లుడి వైపు తిరిగాను.

"అల్లుడుగారూ, దాని ఎడమ కాలు మొద్దుబారింది. ఇప్పుడున్న పెడలే తొక్కలేకపోతోంది."

అతను నన్ను చూశాడు, తలుపును చూశాడు. "నిజమేనా?"

"ఒట్టు పెట్టాను కదమ్మా," అంది అమ్మాయి.

"నేనడిగింది నిన్ను. ఎప్పటినుంచి?" అన్నాడు అల్లుడు.

"సమ్మర్ నుంచి."

"ఆ కాలితో రోజూ మోటార్‌వే మీద..." అన్నాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. నాకేసి చూసి, "మీకెప్పుడు తెలుసు?" అన్నాడు.

"వారం."

"వారం రోజులుగా నాతో రేట్ల గురించి దెబ్బలాడుతున్నారా, అత్తయ్యగారూ?"

ఆ వారంలో అది అయిదుసార్లు డ్రోహెడా వెళ్ళి వచ్చింది. అయిదుసార్లూ నేను కిటికీ దగ్గర నిలబడి కారు వెనక లైట్లు చూశాను. ఏదన్నా జరిగి ఉంటే దానికొక్కదానికే జరిగేది కాదు, ఎదురొచ్చే వాళ్ళకూ జరిగేది. ఒట్టుకు భయపడ్డాను గానీ ఆ ప్రమాదానికి భయపడలేదు. ఈ రోజుకీ ఆ లెక్క నాకు సరిపడదు.

ఆ రాత్రి మా ముగ్గురిలో ఎవరమూ అన్నం తినలేదు.

మర్నాడు ఏడింటికి అల్లుడు మెకానిక్‌కు ఫోన్ చేసి, పవర్ తీసేసి మామూలు క్లచ్ వేయమన్నాడు. అమ్మాయి తనే వార్డుకు ఫోన్ చేసి, డ్యూటీకి రాలేనని, కాలు చూపించుకోవాలని చెప్పింది. మాస్కు పెట్టుకుని బయటికొచ్చి గోడ పట్టుకుంటూ కారు దాకా నడిచింది. ఎడమ పాదం ఈడుస్తోంది. వెనక సీట్లో కూర్చుంది. నా వైపు చూడలేదు. అల్లుడు అద్దాలన్నీ దించి, ఆ జారే క్లచ్‌తోనే మెల్లగా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పదకొండింటికి ఫోన్ చేశాడు. కాలు చూసి దాన్ని రోగిగా చేర్చుకున్నారట. కోవిడ్ వల్ల తనను లోపలికి రానివ్వలేదట, బయట కార్లో కూర్చున్నానన్నాడు.