మా వాకిట్లో కూర్చున్న ఓటమి

ఆముదం వాసన తగిలితే అందరికీ నానమ్మో అమ్మమ్మో గుర్తొస్తారట, నాకు ఫుట్‌బాల్ గుర్తొస్తుంది. మొన్న హైదరాబాద్‌లో లిఫ్టులో నా పక్కన నిలబడ్డ పెద్దావిడ తల నుంచి ఆ వాసన వచ్చేసరికి, నాలుగో అంతస్తులో దిగాల్సిన నేను ఏడు దాకా పోయి, ఎవరిదో తలుపు ముందు నిలబడి, ఆ సాయంత్రం గురించి రాయాల్సిందేనని తీర్మానించుకున్నాను. అది మహాకావ్యం కావలసిన గాథ. అందులో దేశం పరువుంది, పరాయి గడ్డ మీద ఘోర పరాజయం ఉంది, నడుముకు కత్తులు కట్టుకున్న యోధుడున్నాడు, ముట్టడిలో చిక్కిన ఇల్లుంది. తీరా రాయడానికి కూర్చుంటే తేలిందేమిటంటే, ఇది కావ్యం కాదు, జనగామలో మా చిన్నాయిన వడ్ల గుమ్మిలో దాక్కున్న సంగతి. కాగితం తీశాను కాబట్టి చెబుతాను.

చిన్నాయిన పేరు సోమయ్య. మా నాయినకు తమ్ముడు. రైస్‌మిల్లులో కాంటా దగ్గర పని, ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. మిల్లు వెనక వాళ్లు ఆడే జాగాను అందరూ గ్రౌండ్ అనేవాళ్లు గానీ, నిజానికి అది ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే కళ్లం. కోతలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా అది వడ్లది, వానలు పడి మిల్లు మందగించిన దగ్గర్నుంచి దసరా పోయేదాకా బంతిది. ఆ నాలుగు నెలలూ అక్కడ ఎర్రటి బురద, బురదలో కలిసిన ఊక, పులిసిన వడ్ల వాసన, పక్కన నిప్పుల మీద ఎవరో కాల్చే మక్క కంకుల పొగ, యాదగిరి హోటల్ నుంచి ఉడికించి తిరగమాత పెట్టిన బొబ్బర గుడాల ఘాటు. చినుకు పడితే తోలు బంతి నీళ్లు తాగి గుండ్రాయి అయ్యేది, దాన్ని తలతో కొట్టినవాడు ఆ పూటకు ఎవర్నీ గుర్తుపట్టేవాడు కాదు. అందుకని ఆటకు ముందు బంతికి ఆముదం పట్టించేవాళ్లు. ఆ పని మా ఇంట్లో జరిగేది. నాయినమ్మను నేను అవ్వ అనేదాన్ని. అవ్వ తలకూ బంతికీ ఒకటే సీసా. బంతికే ఎక్కువ పోతున్నదని అవ్వ గొణిగేది, దానికి ఒక్క వెంట్రుక కూడా లేదు గదా అని ఆమె బాధ.

ఆ ఏడు నాయిన కాళేశ్వరం దిక్కు రోడ్డు పనిలో ఉన్నాడు. అమ్మ తమ్ముణ్ణి కనడానికి జఫర్‌గఢ్‌లో పుట్టింటికి పోయింది. ఇంట్లో మిగిలింది అవ్వ, చిన్నాయిన, నేను. బతుకమ్మ పండుగ దగ్గరపడి, వాకిట్లో తంగేడు పూలు కుప్పలుగా ఉండి, అవ్వ నువ్వులు వేయించి దంచుతుంటే ఆ కమ్మటి వాసన బట్టలకు కూడా పట్టుకున్న రోజులవి.

చిన్నాయిన ఒకసారి సెలక్షన్లని హైదరాబాద్ పోయి, మర్నాటి బస్సుకే తిరిగొచ్చాడు. సెలక్షన్ రాలేదు గానీ ఒక కథ వచ్చింది. అప్పట్లో దేశం జట్టుకు ఆడుతున్న గోల్‌కీపర్ ఆ రోజు మైదానంలో తన పక్కనే ఉన్నాడని మొదట చెప్పాడు. నెల తిరిగేసరికి ఇద్దరూ ఒకే పళ్లెంలో బిర్యానీ తిన్నారు. ఇంకో నెలకు ఒకే దుప్పటి కప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి రేడియోలో ఆ పేరు వినపడితే చాలు, చిన్నాయిన మెల్లగా "మావోడు" అనేవాడు. ఊళ్లోవాళ్లు కూడా, పంటలెట్లున్నయని అడిగినట్టే, "మీ వోడు ఎట్లున్నడే?" అని అడగడం మొదలుపెట్టారు. బాగనే ఉన్నడని చిన్నాయిన జవాబిచ్చేవాడు. అబద్ధమంటే అబద్ధం కాదు, ఆయన బాగానే ఉండి ఉంటాడు.

తూర్పున సముద్రాల అవతల ఏదో దేశంలో మన జట్టు ఆడిన రోజు, మధ్యాహ్నం నుంచే యాదగిరి హోటల్ నిండిపోయింది. కామెంటరీ కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు. చిన్నాయిన రేడియో పక్కన స్టూలు మీద కూర్చుని అందరికీ అర్థం చెబుతున్నాడు. నేను కింద బల్ల మీద కూర్చుని గుడాలు తింటున్నాను. ఆట మొదలయ్యే ముందు ఆయన నోరు ఊరుకోలేదు. మావోడుండంగ గోల్ పడదన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఒక్క గోల్ పడ్డా నన్ను పట్టుకోండ్రి," అన్నాడు.

"సరే, పట్టుకుంటం," అన్నాడు కొమురయ్య. కొమురయ్య కల్లు గీస్తాడు, మా జట్టులో గోల్ ముందు గోడలా నిలబడేవాడు కూడా ఆయనే. తాటిచెట్ల దగ్గర్నుంచి నేరుగా వచ్చాడేమో, నడుముకు కత్తుల పొది అట్లనే ఉంది.

ఆరు పడ్డాయి. మొదటిదానికి చిన్నాయిన గాలి మీద నెపం పెట్టాడు. రెండోదానికి బూట్లు జారినయన్నాడు. మూడోదానికి ఎవరూ అర్థం అడగలేదు, నాలుగోదానికి ఎవరూ ఆయన వైపు చూడలేదు. అంతమంది ఒక మనిషి వైపు చూడకుండా ఉండటం ఎట్లా ఉంటుందో నేను అప్పుడే చూశాను. అయిదోది పడ్డాక చిన్నాయిన నన్ను చంకన వేసుకుని, హోటల్ వెనక నీళ్ల గోలెం పక్కనుంచి సందులోకి దూకాడు. ఆరోది ఎవరో దూరం నుంచి అరిస్తే దార్లో విన్నాం.

గుంపు వస్తున్నదంటే ఏం చేయాలో మా అవ్వకు ఒక పద్ధతి ఉంది. నేను పుట్టక ముందు, అరవై తొమ్మిదిలో తెలంగాణ లొల్లి నడిచినప్పుడు నేర్చుకున్న పద్ధతి. మంచం లోపలికి లాగాలి, పొయ్యి మీద నీళ్లు చల్లాలి, తలుపుకు గడియ పెట్టి రోకలి ఆనించాలి, కారంపొడి చేతికందేట్టు పెట్టుకోవాలి. అప్పట్లో ఎదురింటి పిలగాడొకడు నవ్వుకుంటూ గుంపుతో పోయి మళ్లీ రాలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు అవ్వ గొంతు పెంచేది కాదు, తగ్గించేది కాదు, చేటలో బియ్యం ఏరుతూనే చెప్పేది. అందుకే నాకు పులి కన్నా గుంపంటే ఎక్కువ భయం.

ఆ సాయంత్రం అవ్వ ఒక్క మాట కూడా అడగకుండా అన్నీ చేసింది. ఆఖరికి చిన్నాయినను గుమ్మిలోకి ఎక్కించింది. గుమ్మి అంటే వెదురుతో అల్లి పేడతో అలికిన వడ్ల బుట్ట, మనిషి ఎత్తు ఉంటుంది. చిన్నాయిన అందులో మెడదాకా దిగి, మీద చేట బోర్లించుకున్నాడు. నన్ను దాని ముందు కూర్చోబెట్టి ఎక్కాలు చదవమన్నది అవ్వ. మామూలు ఇల్లు లాగా కనపడాలట. పొయ్యి ఆరిపోయి, తలుపుకు రోకలి ఆనించిన ఇంట్లో ఒక పిల్ల వణుక్కుంటూ పదమూడో ఎక్కం చదవడం ఎంత మామూలో అవ్వే చెప్పాలి.

వాళ్లు వచ్చారు. అరవలేదు, తలుపు కొట్టలేదు, రాయి వేయలేదు. చెప్పుల చప్పుడు మాత్రం వాకిట్లోకి వచ్చి ఆగింది. ఏదో బరువైనది నేల మీద దించిన చప్పుడైంది. తలుపు సందులోంచి చూశాను. ఇరవై మందికి పైగానే, తలల మీద తువ్వాళ్లు వేసుకుని, తంగేడు పూల కుప్ప చుట్టూ నేల మీద కూర్చున్నారు. ముందు కొమురయ్య. ఆయన నడుము దగ్గర కత్తి పిడి తెల్లగా కనపడింది. ఎవరూ మాట్లాడటం లేదు. వాళ్లు చిన్నాయిన కోసం వచ్చారు, ఆయన బయటికి వచ్చేదాకా పోరు, వచ్చాక ఎదురింటి పిలగాడి లాగా ఆయన మళ్లీ రాడు. ఇంత వరకు నాకు స్పష్టంగా అర్థమైంది. పదమూడు అయిదులు ఎంతో మాత్రం గుర్తు రాలేదు.

"ఎవలు?" అంది అవ్వ లోపలి నుంచే.

"నేనే అవ్వా, కొమురయ్యను. సోమయ్యను పిలువు."

"ఇంట్ల లేడు. రఘునాథపల్లికి పోయిండు."

అప్పుడే గుమ్మిలో వడ్ల దుమ్ముకు చిన్నాయిన తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా మూడు.

"రఘునాథపల్లి దగ్గరికొచ్చినట్టున్నది," అన్నాడు బయట హోటల్ యాదగిరి.

ఎవరూ నవ్వలేదు. అవ్వ పిడికిట్లోకి కారం తీసుకుని, రోకలి పక్కకు జరిపి తలుపు తీసింది.

కొమురయ్య ఆమె పిడికిలి చూశాడు. "మొదలు గా కారం పక్కకు పెట్టు అవ్వా," అన్నాడు. "పలకరియ్య వచ్చినం."

మా దిక్కు ఎవరైనా పోతే ఊరివాళ్లు పిలవకుండానే ఆ ఇంటికి వస్తారు. తల మీద తువ్వాల వేసుకుని కూర్చుంటారు, తొందరపడి మాట్లాడరు, వచ్చేటప్పుడు కల్లు తెచ్చి, దుఃఖంలో ఉన్నవాళ్లతో ఇంత తాగిస్తారు. ఇందాక నేల మీద దించిన బరువు కల్లు కుండలు. అంటే మా ఇల్లు చావు ఇల్లయింది. చచ్చిందెవరో నాకు అర్థం కాక, అమ్మ గురించి భయపడ్డాను. అమ్మకేమైందని ఏడుపు మొదలుపెడితే, యాదగిరి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మీ అమ్మకేం కాలేదు బిడ్డా, మన టీం ఓడింది అన్నాడు.

ఇద్దరు లోపలికి పోయి చిన్నాయినను గుమ్మిలోంచి ఎత్తి తెచ్చారు. జుట్టు నిండా వడ్లు. కొమురయ్య తాటాకు దొప్పలో కల్లు పోసి చేతికిచ్చి, తాగు తమ్మీ, మీ వోడు అక్కడ ఏం తిన్నడో ఏమో అన్నాడు. ఒక్కొక్కరే వచ్చి చిన్నాయిన భుజం ముట్టుకుని పోయి కూర్చుంటున్నారు. చిన్నాయిన దొప్ప నోటిదాకా తీసుకుపోయి ఆపాడు. ఏదో అనబోతే అవ్వ వెనక నుంచి గిచ్చింది. అయినా ఆగలేదు.

"కొమురన్నా, ఆయన నా దోస్తు కాదు," అన్నాడు. "సెలక్షన్ల నాడు మంచినీళ్లు ఏడున్నయని అడిగిన. కుండ గటు ఉన్నదని చెయ్యి చూపెట్టిండు. గంతే. బిర్యానీ లేదు, దుప్పటి లేదు."

నేను యాదగిరి చొక్కా గట్టిగా పట్టుకున్నాను. కొట్టడానికి వాళ్లకు ఇందాక కారణం లేదు, ఇప్పుడు దొరికింది. కొమురయ్య చెయ్యి మెల్లగా నడుము దగ్గరికి పోయింది. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన అగ్గిపెట్టె తీసి బీడీ ముట్టించుకుంటున్నాడు.

"మాకెర్కనే తమ్మీ."

"ఎర్కైతే మరి మా ఇంటికెందుకొచ్చిండ్రు?" అంది అవ్వ.

"ఎటు పోవాలె అవ్వా?" అన్నాడు కొమురయ్య. "గంత పెద్దగ ఓడిపోయె. దేశం ఇల్లేడున్నదో మాకెర్కనా? మీ ఇల్లయితే ఎర్క."

చిన్నాయిన దొప్ప ఎత్తి గటగటా తాగేశాడు. తర్వాత, ఇంట్లో నిజంగా ఎవరో పోయినట్టే ఏడ్చాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తువ్వాల కొసలతో కళ్లు తుడుచుకున్నారు. పొద్దు గూకింది. పలకరింపుకు వచ్చినవాళ్లు పోయొస్తమని చెప్పకూడదు గనుక, వాళ్లు చెప్పకుండానే లేచి పోయారు. నా భయం మాత్రం వాళ్లతో పోలేదు. మరుసటి ఆదివారం చిన్నాయిన ఎప్పటి లాగే గోల్‌లో నిలబడ్డాడు, ఆ అబద్ధం ఊసు ఎవరూ ఎత్తలేదు, బంతి ఆయన కాళ్ల సందులోంచి పోయినప్పుడు మాత్రం కొమురయ్య అందరి ముందూ అమ్మను పెట్టి తిట్టాడే, అప్పుడు తగ్గింది.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, కళ్లం లేదు, కొమురయ్య లేడు, ఆయన గీసిన తాళ్లు లేవు. మన జట్టు ఇప్పటికీ బయటి దేశాలకు పోయి ఓడొస్తూనే ఉంది, ఆ విషయంలో కాలం ఏమీ చేయలేకపోయింది. ఓడినప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుని, ఎవర్నో ఒకర్ని తిట్టి, పక్కకు పెడుతున్నారు. తల మీద తువ్వాల వేసుకుని ఎవరూ ఎవరింటికీ పోవడం లేదు.

ఇదంతా రాయనా అని అడుగుదామని పోయినవారం జనగామ పోయాను. చిన్నాయిన పూర్తిగా విన్నాడు. గుమ్మిలో తుమ్మిన సంగతి కూడా రాస్తున్నానన్నాను. కిటికీలోంచి బయటికి తొంగి చూశాడు. ఏదో పెద్ద మాట అంటాడని నేను కళ్లు తుడుచుకోవడానికి సిద్ధమయ్యాను.

"రాసుకో," అన్నాడు. "నల్లా వచ్చినట్టున్నది, జర బిందె పెట్టు."

వాళ్ల వాడలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, గంటసేపే ఉంటాయి.