మా ఎలుకలకు జ్వరం లేదు

గ్రేటర్ నోయిడాలో ఓ యూనివర్సిటీ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. కడుపుతో ఉన్న ఎలుకలకు నొప్పీ జ్వరమూ తగ్గించే మందు ఎక్కువ మోతాదులో పట్టించి, పుట్టిన మగ ఎలుకపిల్లల వృషణాలను పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోపులో చూడడం నా పని. మందు ధాటికి కణాల్లో ఒత్తిడి పెరుగుతుంది. పెద్దయ్యాక వీర్యకణాలను ఇవ్వాల్సిన కణాలు ముందే చచ్చిపోయి, వాటి చోట ఖాళీలు కనిపించేవి. కొన్ని పిల్లల్లో వృషణాలు కిందికి దిగేవే కావు. ఇవన్నీ లెక్కపెట్టి లెక్కపెట్టి, మందుల షాపు బోర్డు చూసినా నాకు భయమేసేది.

అప్పుడే నేనూ కడుపుతో ఉన్నాను, మూడో నెల. ఒక ఆదివారం పొద్దున్నే, ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్‌లో, నాకు జ్వరం నూట రెండు దాటింది. మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆవిడ చెప్పిన మాత్ర, మా ఎలుకలకు పట్టించే మందే, తెచ్చి, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. నేను నోరు తెరవలేదు.

"వేసుకోవే బాబూ! డాక్టరుగారే చెప్పారు కదా."

"ఆవిడ మా స్లైడ్లు చూశారేంటండీ? లోపలున్నది మగపిల్లాడైతే?"

కడుపులో ఎవరున్నారో మన దేశంలో ముందుగా చెప్పరు. భయంతో నాకు నేనే కొడుకని తేల్చేసుకున్నాను. నా మొండితనం ఆయనకు పెళ్లిచూపుల్లోనే తెలిసి ఉండాల్సింది! పాపం, నా నుదుటి మీద తడిగుడ్డ మార్చి మార్చి విసిగిపోయి, చివరికి మా ల్యాబు మేడమ్‌కే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

మేడమ్ ఢిల్లీ మనిషి, కోపిష్టి. ఆ రోజు మాత్రం అరవలేదు. హిందీలో మెల్లగా అడిగారు: "అచ్ఛా, ఒక్కటి చెప్పు. మన ఎలుకలకి జ్వరం ఉందా?"

"లేదు మేడమ్."

"నీకుంది. ఆ వేడి నీ బిడ్డకి మంచిదా? ఏ జబ్బూ లేని ఎలుకలకి రోజుల తరబడి మందు పోశాం బేటా, మనం. మీ డాక్టరు నీ జ్వరానికి ఇచ్చింది. వేసుకో."

మూడేళ్లు ఆ ఎలుకలను చూసుకున్నదాన్ని, ఇంత చిన్న సంగతి తట్టలేదు. సిగ్గేసింది. మాత్ర మింగి, మా ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన నా తల నిమురుతూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. భయం మాత్రం నెలలు నిండేదాకా నాతోనే ఉంది.

పుట్టింది బాబే. ముక్కు ఎవరి పోలికో తేల్చడానికి అమ్మా, అత్తయ్యా వాదించుకుంటున్నారు. పిల్లల డాక్టరు, పుట్టిన ప్రతి బిడ్డకూ చేసే పరీక్షే, వాడిని తల నుంచి కిందికి తడిమి చూస్తున్నారు. నేను ఆయన వేళ్లనే చూస్తున్నాను.

"వృషణాలు రెండూ దిగాయి. ఠీక్ హై."

"ఇంకోసారి చూడండి, ప్లీజ్."

ఆయన నవ్వి, మళ్లీ చూశారు. రెండూ ఉన్నాయన్నారు. లోపలి కణాల సంగతి ఏ వేళ్లకూ అందదని నాకు తెలుసు. అయినా ఆ మాట నాకు చాలింది.

అప్పుడు చూశాను, నా కొడుకు ముఖం.