పరదా వెనక గ్యాసు వాసన

రెండువేల దశకం మొదట్లో నేను రియాద్‌లో ఒక సౌదీ కుటుంబానికి డ్రైవర్‌ని. వాళ్లకి మంచాలూ వంటగదీ ఉన్న పాత మోటార్‌హోమ్ ఒకటుండేది. దాని మరమ్మతులూ నావే. నా సీటు వెనక మందపాటి పరదా. అవతల ఆడవాళ్లుంటారు కాబట్టి నేను అటు తొంగి కూడా చూడకూడదు.

ఒకసారి జిజాన్ అనే ఊరికి వెళుతూ ఎడారిలో ఆగాం. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, నమాజు చేసుకోవడానికి దూరంగా వెళ్లాడు. గుప్పుమని గ్యాసు వాసన! అంతలోనే పరదా వెనక అగ్గిపెట్టె గలగలమంది. లోపల కఫీల్ తల్లి, ఆమెకు వండిపెట్టే కడప రమణమ్మక్క ఉన్నారు.

"అక్కా, పుల్ల గీకకు! గ్యాస్ లీకైతుంది! వాల్వు బంద్ చెయ్!" అని అరిచాను.

"జలుబు చేసి నాకు వాసనే తెలీలేదు నాయనా! ఈ వాల్వు తిరగడంల్యా!"

కఫీల్ వచ్చేదాకా ఆగితే బండే పేలిపోవచ్చు. లోపలికెళితే నా గతేంటో తెలియదు. ఆడవాళ్లు కనపడకుండా కళ్లతో సహా ముఖం నిండా తువ్వాలు చుట్టుకుని, పానా పట్టుకుని పరదా దాటాను.

"ఎడంపక్క... ఇంగా కిందికి" అంటూ అక్క నా చెయ్యి పట్టి చూపించింది. వాల్వు బిగించి, తడుముకుంటూ బయటపడ్డాను. తువ్వాలు తీస్తే ఎదురుగా కఫీల్! నా కాలర్ పట్టేసుకున్నాడు. నేనే వాళ్ల ప్రాణాలు కాపాడానని లోపలినుంచి వాళ్లమ్మ అరబ్బీలో గట్టిగా కేకేసింది. వదిలాడు. వెళ్లి బండెక్కాడు.

రియాద్ తిరిగొచ్చాక సిలిండర్‌ని నాతోనే బండి బయటివైపుకి మార్పించాడు. పరదా మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ రోజు నిప్పుకి ఎక్కువ భయపడ్డానో, ఆ పరదాకి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.