శుక్రవారం వేసుకోని గోలీలు

మా చెల్లెలు సుగుణ పని మధ్యలో మగ్గం దిగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు సాయంత్రం గద్వాలలో వాళ్లింటికి వెళ్లేసరికి దగ్గుతూ దిగి, గోడకు ఆనుకుని కూర్చుంది. నుదురు కాలిపోతోంది.

"ఎన్ని దినాల నుంచి?" అన్నాను.

"నెలైతుందేమో అన్నా, సరిగ తెల్వదు. ఉపవాసాల నీరసమనుకున్న."

సుగుణ ఇరవై రెండేళ్లప్పుడు బాప్తిస్మం తీసుకుంది. తన బతుకును దేవునికి ప్రత్యేకించుకున్నానని చెప్పి పెళ్లి వద్దంది. కమ్మలు తీసేసింది. రోజంతా జరీ అంచులు నేస్తుంది, తను మాత్రం తెల్ల నూలు చీర కడుతుంది. అబద్ధమాడదు, చాడీలు వినదు. శుక్రవారం పొద్దుగూకేదాకా చుక్క నీళ్లు ముట్టదు.

నేను హేతువాదిని. వనపర్తిలో ముప్పై ఏళ్లుగా దేవుళ్ల మీద వ్యాసాలు రాస్తున్నాను, సభల్లో వాదిస్తున్నాను. ఆమె బతుకు తనకు తాను కట్టుకున్న జైలని ముఖం మీదే అనేవాణ్ని. "అయిపోయిందా నీ ఉపన్యాసం? బువ్వ చల్లారుతుంది, తిను" అనేది.

ఆమెను దవాఖానకు పొమ్మన్నది నేను కాదు, వాళ్ల పాస్టర్. ఎక్స్‌రే తీశారు, కఫం తీసుకుని స్పుటం టెస్ట్ చేశారు. డాక్టరమ్మ ఫిల్మ్ చూపించి, "లంగ్స్‌లో టీబీ. ఆరు నెలల కోర్సు. ఒక్క రోజు కూడా మానొద్దు" అంది.

నేను సంచి సర్దుకుని గద్వాల వచ్చేశాను. ఉదయాన్నే ఎదురుగా నిలబడి గోలీలు మింగించడం, దవాఖానలో ఇచ్చిన కార్డు మీద టిక్కు పెట్టడం నా పని. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడింది. అది మందు రంగేనని నచ్చజెప్పాను. శుక్రవారం మాత్రం నేను లేవకముందే ఆ పూట గోలీలు చేతిసంచిలో వేసుకుని ప్రార్థనకు వెళ్లిపోయేది. సాయంత్రం వచ్చాక స్ట్రిప్ చూసేవాణ్ని. గోలీలు లేవు కనుక వేసుకున్నట్టే. టిక్కు.

రెండు నెలలైనా బరువు పెరగలేదు. స్పుటం మళ్లీ పాజిటివ్ వచ్చింది.

"ఈపాటికి నెగెటివ్ రావాలి" అంది డాక్టరమ్మ. "రెసిస్టెన్స్ ఉందేమో, అంటే క్రిములు ఈ మందులకు లొంగట్లేదేమో. ఉంటే మందులు మారుతాయి, చాలా కష్టం. డోసులేమైనా మిస్సయ్యాయా?"

సుగుణ నోరు తెరవకముందే నేనన్నాను: "లేదండీ. రోజూ నేనే దగ్గరుండి చూస్తున్నాను."

"లేదు మేడం" అంది సుగుణ. "శుక్రారాలు మా అన్న చూడలే. ఉపాసమని నేను ఏసుకోలే." సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పింది. ఎనిమిది శుక్రవారాల గోలీలు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు అడగలే. చెప్తే లొల్లి చేస్తవని నేను ఊకున్న. గది నా తప్పు. గానీ నా ముంగట నువ్వు అబద్ధం చెప్తుంటే ఎట్ల ఊకుంట?"

డాక్టరమ్మ కార్డు తిప్పి, శుక్రవారాల దగ్గర నా టిక్కుల్ని ఒక్కొక్కటే కొట్టేసింది. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోనని వేదికలెక్కి చెప్పినవాణ్ని. తలెత్తలేకపోయాను.

క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు శాంపిల్ పంపారు. "గుక్కెడు నీళ్లతో గోలీ వేసుకోమ్మా శుక్రవారం కూడా" అని డాక్టరమ్మ అంటే సుగుణ పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక నేను వాదనకు దిగాను. నాకు తెలిసిన తర్కమంతా వాడాను.

"గెలిచినవ్ లే అన్నా. గానీ నేను నీకు మొక్కుకున్ననా?" అని వంటింట్లోకి పోయింది.

ఆ శుక్రవారం ఆమె కంటే ముందే లేచి గడప దగ్గర కూర్చున్నాను. చెప్పులేసుకుంటూ, "ఏంది, అడ్డం కూసున్నవ్?" అంది.

"సుగుణా, నువ్వు పోతావేమోనని భయంగా ఉంది" అన్నాను.

చెప్పులు విడిచి లోపలికి పోయి గోలీలు, నీళ్ల గ్లాసుతో వచ్చింది.

"నీ కోసం గాదు. నాలుగు దినాల నుంచి ప్రార్థన చేస్తున్న. ఈ పట్టు దేవుని కోసమా, నేను గింత నిష్ఠగుంటనని చూపుకునేటందుకా అని అడుక్కున్న. నా కోసమే అనిపిచ్చింది." మింగింది. "చూసినవా?"

"చూశాను."

"ఇగ కొట్టుకో టిక్కు."

కల్చర్‌లో రెసిస్టెన్స్ లేదు. మొదటి దశ మందులు ఇంకొంతకాలం పొడిగించారు. తర్వాతి స్పుటం నెగెటివ్ వచ్చింది. కోర్సు పూర్తయ్యి ఏడాది దాటింది. సుగుణ మళ్లీ నేస్తోంది, డాక్టరమ్మను అడిగే ఉపవాసాలుంటోంది. నేను ఇప్పటికీ దేవుణ్ని నమ్మను. ఆమె బతుకు జైలన్న మాట మాత్రం వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు డాక్టరమ్మ గదిలో నిజం చెప్పడానికి ధైర్యం ఉన్నది ఆమెకే.

రోగిని చూసుకునేవాళ్లకు నా సలహా ఒకటే. డోసులు మానారా అని డాక్టరు అడిగినప్పుడు మీరు నోరు మూసుకోండి. రోగిని చెప్పనివ్వండి.