నీళ్ళా, నిల్లా? రెండు సీట్ల బండిలో చెంగల్పట్టు దాకా

చెన్నపట్నం నుంచి చెంగల్పట్టు వెళ్ళాలంటే సుఖమైన దారి రైలు. ఆ మాట ముందే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. మేము ఆ సుఖాన్ని కాదనుకుని, యుద్ధానికి ముందెప్పుడో తయారైన ఇంగ్లీషు స్పోర్ట్సు కారులో వెళ్ళాం. వెళ్ళింది విహారానికి కాదు, ఆ కారును అమ్మేయడానికి. ఇష్టపడి అమ్మబోయామా, ఇష్టం లేకనా అంటే మాత్రం నన్ను అడగకండి. బయలుదేరేటప్పుడు తెలియలేదు, ఇది రాస్తున్నప్పుడూ సరిగ్గా తెలియదు.

మాది చింతాద్రిపేట. మాది అంటే మావారిది. వాళ్ళు తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. నేను తెనాలి నుంచి కోడలిగా వచ్చి రెండేళ్ళయింది. ఇంట్లో పదకొండుమందిమి. మావారు పనిచేసే కంపెనీలో ఒక దొర స్వదేశం వెళ్ళిపోతూ తన ఆకుపచ్చ కారును ఈయనకు కారుచౌకగా అంటగట్టాడు. దానికి రెండే సీట్లు, మడిచేసే గుడ్డ పైకప్పు, బానెట్టుకి అడ్డంగా తోలు పటకా. వీధిలో అందరూ వచ్చి చూసి ఆహా అన్నారు. మా అత్తయ్య ఒక్కతే చూసి, "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ తప్పేమీ లేదు. గ్యాలను పెట్రోలు తాగి పట్టుమని పదిహేను మైళ్ళు పోయేది కాదు ఆ బండి. చూలైలోని వర్క్‌షాపులో ఏ సామాను కావాలన్నా దొరకదు, కొత్తగా చేయించాల్సిందే. బండి తిరిగిన రోజులకంటే ఆ షాపులో పడుకున్న రోజులే ఎక్కువ. ఇటు చూస్తే హాల్లో మిద్దె కారుతోంది. వాన వస్తే మధ్యలో గంగాళం పెట్టి, చుట్టూ పడుకుంటాం. అందుకని అత్తయ్య తేల్చి చెప్పేసింది, బండి అమ్మి మిద్దె బాగుచేయించాలని. చెంగల్పట్టులో బియ్యం మిల్లున్న ఒక నాయుడుగారు తీసుకుంటామని కబురు పెట్టారు. ఆయనా తెలుగాయనే, పట్టింపుల మనిషి. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు రాహుకాలం మొదలవుతుంది, ఆలోగా బండి గుమ్మంలో ఉండాలన్నారు. రాహుకాలం పోయేసరికి దీపాలు పెట్టే వేళ, దీపాలు పెట్టాక ఆ ఇంట్లో సూది కూడా కొనరట, ఇంత ఇనుము ఎలా కొంటారు? మర్నాడు ఆడి నెల పుడుతుంది. ఆడి అంటే ఇక్కడ మన ఆషాఢంలాంటిదే, కొత్త వస్తువు ముట్టరు. కాబట్టి ఆ ఆదివారం దాటితే బేరం దాటినట్టే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒంటిగంట ప్రాంతంలో బయలుదేరాం. బయలుదేరాం అంటే ఇంటిల్లిపాదీ వెనకనుంచి తోశారు. అత్తయ్య కూడా కొంగు నడుముకు చుట్టి ఒక చెయ్యి వేసింది. పీడ వదులుతోందన్న సంతోషమేమో, మంచి బలంగానే తోసింది. వీధి మలుపు దగ్గర బండి దగ్గి, తుమ్మి, ఉరిమింది. మౌంట్ రోడ్డు ఎక్కామో లేదో, ట్రాము పట్టాల మీద నా పళ్ళు కటకటలాడాయి. పక్కన బస్సుల్లో కూర్చున్నవాళ్ళు తొంగి తొంగి చూస్తుంటే, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదేనేమో అనిపించింది. సిగ్గూ వేసింది, గర్వంగానూ ఉంది.

నాకు ఆ బండిలో ఒక ఉద్యోగం ఉంది. నీళ్ళ వేడి చూపించే ముల్లు నా సీటు వైపు ఉంటుంది. ముల్లు ఎర్రగీతకి చేరగానే నేను అరవాలి. ఇంజను రొదలో పెద్ద వాక్యాలు వినపడవు కనుక ఒక్క ముక్కలో అరవాలి. సైదాపేట వంతెన మీద ముల్లు ఎర్రగీతను తాకింది.

"నీళ్ళు!" అని అరిచాను.

ఆయన ఠక్కున బ్రేకు వేశారు. వంతెన నడిమధ్యన. వెనక వస్తున్న బస్సు మా మీదికి ఎక్కినంత పనిచేసి ఆగింది. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి అరవంలో ఏమేమో అన్నాడు. నాకు అర్థం కాలేదు, అంతవరకు అదృష్టం.

"ఏంది రాజ్యం? ఏమైంది? ఎవరన్నా అడ్డమొచ్చినారా?" అన్నారీయన, చెమటలు తుడుచుకుంటూ.

"నీళ్ళండీ, నీళ్ళు!"

"నిల్చినాను గదే! ఇంకా నిల్లు నిల్లంటే ఎట్ల నిల్చేది?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెలుగు చదవని పాఠకులెవరూ ఇది చదవరు కాబట్టి నీళ్ళంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అరవంలో నిల్లు అంటే ఆగు, నిలబడు అని. ఇంజను రొదలో ళకీ లకీ తేడా ఎక్కడ? ఇంట్లో ఎంత తెలుగువాడైనా, రోడ్డెక్కితే మావారి చెవులు అరవ చెవులే.

"మీ ఇంట్లో నీళ్ళని నీళ్ళనరా?" అన్నాను ఉక్రోషంగా.

"అంటాం, తణ్ణి అని కూడా అంటాం గదా!"

ఆ మాటతో నాకు నవ్వాగలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, చుట్టాలొచ్చి కూర్చుంటే అత్తయ్య నన్ను చూసి "తణ్ణి తీసుకురా అమ్మా" అంది. నా చెవికి అది 'తన్ని తీసుకురా' అని వినిపించింది. ఎవర్ని తన్నాలి, ఎందుకు తన్నాలి, కొత్త కోడలితో చేయించే పనేనా ఇది అని గుమ్మంలో కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. ఆ సంగతి ఆయనకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. పదకొండుమంది ఉన్న ఇంట్లో ఎక్కడ చెప్పను? వంతెన దాటి బండిని పక్కన ఆపి, రేడియేటరు చల్లారుతుండగా చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. చివరికి ఒప్పందం చేసుకున్నాం: ఇకమీదట నేను ఏమరిచినా అది నీళ్ళే, ఆగమని కాదు. మెల్లగా పక్కకు తీసి నీళ్ళు పోయాలి.

తాంబరం దాకా బాగానే నడిచింది. దారిలో ఒక చిన్న కాఫీ హోటలు ముందు ఆగాం. అణా ఇస్తే డవరా నిండా కాఫీ, చిక్కటిది. హోటలాయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీంట్లో పిల్లకాయల్ని యాడ కూర్చోబెడతారు?" అని అడిగాడు. మాకింకా పిల్లల్లేరని మావారు చెప్పారు. హోటలాయన తలూపుతూ, "అయితే సరే, ప్రస్తుతానికి పరవాయిల్లె" అన్నాడు, ఫరవాలేదని. దీవెనో, హెచ్చరికో బోధపడలేదు.

వండలూరు దాటాక మళ్ళీ ముల్లు ఎక్కింది, మళ్ళీ అరిచాను. ఈసారి ఆయన బుద్ధిగా పక్కకు తీశారు. తీరా చూస్తే మేము వెంట తెచ్చుకున్న నీళ్ళ డబ్బాలో చుక్క లేదు, అడుగున చిల్లు. ఆయన బానెట్టు పటకా విప్పుతుంటే, ఎదురుగా ఒకావిడ నెత్తిన బిందెతో వెళుతూ కనిపించింది. నేను పరిగెత్తాను. "అమ్మా, నీళ్ళు! నీళ్ళు!"

ఆవిడ టక్కున నిలబడింది. నేను మళ్ళీ "నీళ్ళు!" అన్నాను. ఇంకా బిగుసుకుని నిలబడింది. నేను బిందె వైపు చెయ్యి చూపించి "నీళ్ళమ్మా, నీళ్ళు" అని బతిమాలినకొద్దీ ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి కూడా బిగబట్టినట్టుంది. పాపం, తన నెత్తిమీద తేలో జెర్రో పాకుతోందనుకుందట. మావారు వచ్చి "తణ్ణి, అమ్మా, తణ్ణి" అనేసరికి బిందె దించి, నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బిందెడు నీళ్ళూ బండికే పోసింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

అక్కడినుంచి గూడువాంచేరి మీదుగా పోయిన దారిని ఎలా చెప్పాలో తెలియడం లేదు. రెండువైపులా చింతచెట్లు, మధ్యలో నీడ పరిచిన రోడ్డు. పైకప్పు మడిచేసి ఉంది. ఇంజను తన కోపాలన్నీ మరిచిపోయి హాయిగా నడుస్తోంది. ఆయన పెద్ద గొంతుతో కబుర్లు మొదలుపెట్టారు. కాలేజీలో ఒక నాటకంలో ఆడవేషం వేశారట. మా అమ్మ ఎలా ఉందని అడిగారు. నేను ఈ ఊళ్ళో ఏం చేయాలనుకుంటున్నానని అడిగారు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. చూలైలో అత్తింటి బంధువులు నెలకింతని ఇచ్చి తమ పిల్లలకు తెలుగు చెప్పమంటే అత్తయ్య వద్దన్న సంగతి చెప్పాను, అది నాకెంత ఇష్టమో కూడా చెప్పాను. ఆయనకు ఆ కబురే తెలియదు! రెండేళ్ళ కాపురంలో మా ఇద్దరి మాటలన్నీ కూరలో ఉప్పు చాలిందా, స్నానానికి నీళ్ళు తోడనా అన్నవే. అప్పుడు లెక్క తోచింది నాకు. ఈ రెండేళ్ళలో నాకు ఆయనతో మాట్లాడిన జ్ఞాపకాలన్నీ ఈ సీట్లోవే. పాడైపోయి రోడ్డు పక్కన ఆగిన చోట్లవి మరీ ఎక్కువ. బండి అమ్మేస్తే ఇంటికి బస్సులో వెళతాం, నేను ఆడవాళ్ళ వైపు, ఆయన మగవాళ్ళ వైపు.

అలాగని మిద్దె మాటేమిటి? అత్తయ్య గంగాళం మాటేమిటి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముల్లు మళ్ళీ ఎర్రగీతకు ఎక్కితే బాగుండు, ఆలస్యమైపోతే బాగుండు అనుకున్నాను. ఛీ, ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. పాడు ముల్లు, కావాలన్నప్పుడు కదల్లేదు.

చెంగల్పట్టు చెరువు కనిపించేసరికి నాలుగు దాటింది. చెరువు గట్టు దిగి కొంచెం పోతే మిల్లు, మిల్లు పక్కనే నాయుడుగారి ఇల్లు. తెల్లటి పంచె కట్టుకుని ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మాకూ ఆయనకూ మధ్య పట్టుమని వంద గజాలు కూడా లేవు. మావారు స్టీరింగు మీద బొటనవేలితో అటూ ఇటూ రాస్తున్నారు, పశువును నిమిరినట్టు.

"నిల్లు!" అన్నాను.

ఆయన మెల్లగా పక్కకు తీసి, దిగి, గూడువాంచేరిలో ఒక కొట్టులో అడిగి తెచ్చుకున్న నీళ్ళ సీసా పట్టుకుని బానెట్టు తెరిచారు. మూత మీద చెయ్యి పెట్టి చూశారు. నా వైపు వంగి ముల్లు చూశారు.

"ఏంది రాజ్యం, చల్లగానే ఉండాదే? నీళ్ళన్నావు?"

"నీళ్ళనలేదండీ. నిల్లు అన్నాను."

సీసా కింద పెట్టేశారు. మొదటిసారి నేను అరవంలో ఒక మాట అంటే, మొదటిసారి ఆయనకు అది తెలుగులో వినిపించింది.

"ఏం, అమ్మొద్దా?"

"నాకు తెలీదు. వద్దని కాదు. కాసేపు ఆగండి, అంతే."

వచ్చి నా పక్కన కూర్చున్నారు. "మిద్దెకి ఏం చేస్తాం?" అన్నారు. చూలై పిల్లలకు తెలుగు చెపుతాను, అత్తయ్యను మీరు ఒప్పించండి అన్నాను. అంతలో నాయుడుగారు జేబులోంచి గడియారం తీసి చూసుకుని, తల అడ్డంగా ఊపి, మా దగ్గరికే నడిచి వచ్చారు.

"ఏందయ్యా, గడప దాకా వచ్చి ఈడ నిల్చిపోతివి? రాహుకాలం వచ్చేసె గదా!"

"బండి నిల్చిపోయిందండీ," అన్నారు మావారు, నా వైపు చూడకుండా.

"అట్లనా! గుమ్మం ముందర నిల్చిపోయే బండి నాకొద్దు నాయనా. శకునం బాగలేదు." కోపం లేదాయనకు. మమ్మల్ని లోపలికి పిలిచి, కాఫీలిచ్చి, నాకు పూలూ తాంబూలమూ ఇప్పించి, తోయడానికి మిల్లు మనుషుల్ని నలుగుర్ని పంపారు. ఇంటికి వచ్చేదాకా ఆ బండి ఒక్కసారి వేడెక్కితే ఒట్టు!

వీధిలో ఉరుము వినపడగానే అత్తయ్య బయటికి వచ్చింది. తిడుతుందని తల దించుకున్నాను. బండిని చూసింది, కొడుకును చూసింది, నన్ను చూసింది. "అమ్మలేదా? పోయినసారి నీ పక్కన ఈ పిల్ల, ఈసారీ ఈ పిల్లేనా? శుక్రవారం నన్ను కోయిలికి తీసుకుపో, సామి దర్శనానికి. రెండు సీట్లే గదా, ఈ పిల్ల ఇంట్లో ఉంటుంది" అంది. ఇన్నాళ్ళూ ఆవిడ కోపం పెట్రోలు మీదనే అనుకున్నాను నేను.

సరైన పనే చేశామా? తెలియదు. మొన్నటి జల్లుకి హాల్లో మిద్దె కారింది, వీధిలో బండి పైకప్పూ కారింది. చూలైలో పాఠాలు మొదలయ్యాయి. మొదటి రోజు పిల్లలకు 'నీళ్ళు' అని పలికించాను, నలుగురూ లేచి నిలబడ్డారు. శుక్రవారాలు అత్తయ్యవి, ఆదివారాలు నావి. పాత స్పోర్ట్సు కారు కొనవచ్చా అని ఎవరైనా అడిగితే వద్దనే చెపుతాను, చెపుతూనే నవ్వుతాను. ఈ దారిలో బండిమీద వెళ్ళేవాళ్ళు చిల్లులేని డబ్బా ఒకటి నింపి పెట్టుకోండి. వండలూరు దాటాక కావాల్సి వస్తే 'తణ్ణి' అని అడగండి, బండిలో మీ పక్కన ఉన్న మనిషి ఆగాలనుకుంటే మాత్రం ఏ భాషలో అన్నా ఆగండి.