మేకుల్లేని ఇంటికి పర్మిట్

2014 జూన్. డెట్రాయిట్ శివార్లలో ఒక చిన్న ఊరి ఆఫీసులో నేను ప్లాన్ రివ్యూయర్‌ని. ఎవరైనా ఏదైనా కట్టదలిస్తే వాళ్ళ ప్లాన్ చూసి, నిబంధనలకు సరిపోతే పర్మిట్ ఇవ్వడం, లేకపోతే ఎర్రసిరాతో తిప్పి పంపడం నా పని. ఆ నెల డైరీలో ‘మంగోలియా ఇల్లు’ అని నాలుగు పేజీలున్నాయి.

దరఖాస్తు పెట్టింది ఒయునా అనే ఆటోమొబైల్ ఇంజనీరు. మంగోలియాలో జీవితమంతా పశువులు కాసిన వాళ్ళ తాతగారు బాతార్, తన సొంత గెర్‌ను విప్పి ముందే సామానుగా పంపించి, తర్వాత తనూ వచ్చారు. గెర్ అంటే మడిచే జాలీ గోడల మీద ఉన్ని దుప్పట్లు కప్పిన గుండ్రటి ఇల్లు. శనివారం దాన్ని పెరట్లో నిలబెట్టి, అందులో ఒయునా కూతురు నోమిన్‌కి మొదటిసారి జుట్టు కత్తిరించాలి. మన పుట్టువెంట్రుకల లాంటి వేడుకే. వాళ్ళలో ఆడపిల్లకు సరిసంఖ్య ఏట చేస్తారు. నోమిన్‌కి నాలుగు. మంగళవారం తాతగారి తిరుగు ప్రయాణం.

బుధవారం నేను దరఖాస్తు తిప్పి పంపాను. కారణం యాంకరేజ్, అంటే గాలికి లేచిపోకుండా నేలకు బిగించే ఏర్పాటు. ఆ పెరటి కింద గ్యాస్ పైపు ఉంది, మేకులు దిగ్గొట్టకూడదు. వాళ్ళేమో ఆ గడిలో ‘అవసరం లేదు’ అని రాశారు.

గురువారం పొద్దున్నే ముగ్గురూ నా కౌంటర్ ముందు నిలబడ్డారు.

“అవసరం లేదంటే ఎలాగమ్మా? గాలొస్తే మీరేం చేస్తారు?”

ఒయునా తాతగారిని అడిగి చెప్పింది. “తాడు పట్టుకుంటారట సర్.”

“ఎవరు?”

“ఇంట్లో ఎవరు బరువుంటే వాళ్ళు.”

తాతగారు నా పొట్ట వంక చూసి ఏదో అన్నారు. ఒయునా పెదవి కొరుక్కుంది. నోమిన్ మాత్రం దాచలేదు. “మీరైతే చక్కగా సరిపోతారట అంకుల్!”

నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వొచ్చిందని పర్మిట్ ఇవ్వలేం కదా. చూసి చెబుతానన్నాను.

మధ్యాహ్నం వాళ్ళ గేటు దగ్గర ఆగగానే, “కుక్కను పట్టుకోండి అని కేకెయ్యాలి సర్,” అంది ఒయునా.

“మీకు కుక్కుందా?”

“లేదు. మా వైపు తలుపు తట్టరు, అలా పిలుస్తారు.”

కేకేశాను. తాతగారి మొహం వెలిగిపోయింది. గరాజ్‌లో ఆయన నాకొక చెక్క చక్రం చూపించారు. కప్పు నడిమధ్యన ఉండేది అదే. దాన్నుంచి గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు వేలాడుతోంది. పెద్దగాలి వస్తే దాని కొసకు రాయి కడతారట.

“ఎప్పుడూ లేచిపోలేదా?” అన్నాను. తాతగారి జవాబును ఒయునా నాకు అర్థమయ్యేలా చెప్పింది.

“మా దేశంలో పశువులన్నీ సర్కారువైపోయినప్పుడూ, మళ్ళీ మావి మాకొచ్చినప్పుడూ ఇదే ఇల్లు. ఏటా నాలుగుసార్లు కదిలింది. మేం కదిపితేనే కదిలింది.”

అప్పుడు తట్టింది. మేకులు కుదరని చోట బరువులతో డేరాను ఆపొచ్చని మా నిబంధనల్లోనే ఉంది. దాన్ని బ్యాలస్ట్ అంటాం. నేను మేకుల దగ్గరే ఆగిపోయి ఎర్రసిరా వాడేశాను.

అక్కడే కూర్చుని లెక్క వేశాను. మిషిగన్ గాలికి రాయి ఒక్కటే చాలదు. గోడ చుట్టూ ఎనిమిది నీళ్ళ పీపాలు, నడిమి తాడుకు ఒకటి.

“ఇన్ని నీళ్ళా!” అన్నారు తాతగారు. “ఒంటెలు కూడా వస్తున్నాయా?”

శుక్రవారం పర్మిట్ ఇచ్చాను. శనివారం అతిథిగా వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా తలా ఒక పాయ కత్తిరించడం వాళ్ళ ఆచారమట. వేడుక మధ్యలో గాలి లేచింది, కప్పు కిర్రుమంది. పీపాలు కదల్లేదు. అయినా తాతగారు నేరుగా వచ్చి తాడు నా చేతిలో పెట్టారు. నోమిన్ పకపకా నవ్వింది. నేనొక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో నీలం పట్టుగుడ్డ కట్టిన కత్తెర అందుకుని, ఆ పిల్ల జుట్టులోంచి ఒక పాయ కత్తిరించాను.

రిటైరయ్యేదాకా, ఎర్రసిరా పెన్ను మూత తీసే ముందు దరఖాస్తుదారుకి ఫోన్ చేసేవాణ్ణి. “గాలొస్తే మీరేం చేస్తారు?” చాలామంది దగ్గర జవాబుండేది. లేనివాళ్ళకు పీపాలు రాసిచ్చేవాణ్ణి.