గంధం పూసిన ఫోటో

తిరుపతిలో మా స్టూడియో అన్న పోయాడని మొన్న ఉదయం కబురు వచ్చింది. బాగా పెద్ద వయసు. భోంచేసి కుర్చీలో ఒరిగాడట, అంతే. ఫోటోకు కూర్చున్నవాళ్లందరికీ జీవితమంతా "కదలొద్దప్పా" అని చెప్పిన మనిషి, చివరికి తానే కదలకుండా కూర్చుండిపోయాడు.

డెబ్బైల్లో ఆయన స్టూడియో రైల్వే స్టేషను దగ్గరి సందులో ఉండేది. ఎవరినీ "నవ్వండి" అనేవాడు కాదు. నల్లగుడ్డలోంచి తల బయటికి తీసి, తీరిగ్గా "మీ ఊర్లో వాన పడిందా?" అని అడిగేవాడు. మా సీమలో ఆ మాట వింటే ఎవరైనా కెమెరాను మరిచిపోతారు. సరిగ్గా అప్పుడే చేతిలోని రబ్బరు బుడ్డి నొక్కి ఫోటో తీసేవాడు.

"నవ్వు తెచ్చిపెట్టుకోవచ్చప్పా. వాన దిగులు తెచ్చిపెట్టుకోలేరు" అనేవాడు. ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన "మా ఇంట్లో కొళాయి ఉందండీ" అన్నాడట. ఆ ఫోటో బాగా రాలేదని అన్న చాలాకాలం నొచ్చుకున్నాడు.

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోతున్నాను. నా సంగతికి వస్తాను.

మాది వడమాలపేట. అమ్మ మొక్కు ప్రకారం నేను గుండు చేయించుకుని కొండ దిగిన మూడో రోజే బంగారుపాళ్యం నుంచి పెళ్లి సంబంధం వచ్చింది. శుక్రవారంలోగా పిల్లవాడి ఫోటో పంపమన్నారు. నాయనకు కాళ్లూ చేతులూ ఆడలేదు. గుండంటే మొక్కైనా అయి ఉండాలి, ఇంట్లో చావైనా జరిగి ఉండాలి. రెండింట్లో ఏదో చెప్పడానికి ఫోటోకు నోరుండదు కదా! నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చాడు.

"ఫోటో తీసినాక బ్రష్షుతో రోంత జుట్టు గీసెయ్యప్పా" అని అన్నను బతిమాలాడు.

అన్న నా తల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "గీస్తాలే పెద్దాయనా. పెండ్లిసూపులప్పుడు వీడి నెత్తిమీద గూడా నన్నే గీయమంటావా?"

"ఎవురో పోయినారనుకుంటారబ్బా! సంబంధం తప్పిపోతాది."

"అట్లయితే గంధం పూద్దాం. మొక్కుగుండుకు గంధం ఉంటాది, చావుగుండుకు యాడుంటాది? ఆ మాత్రం బంగారుపాళ్యం వాళ్లకు తెలీదా?"

పక్క అంగడిలో గంధం తెచ్చి, తానే నీళ్లు కలిపి నా నెత్తికి పట్టించాడు. చల్లగా చెవి మీదికి జారింది. నేను మొహం బిగించుకుని కూర్చున్నాను.

"మీ ఊర్లో వాన పడిందా?"

ఆయన ఎత్తుగడ సంగతి ముందే విని ఉన్నాను. అయినా జవాబు చెప్పబోయాను. టక్కుమంది.

"నున్నగా దువ్వుకున్నోళ్ల ఫోటోలు ఇంకో రెండు వచ్చినాయి. ఈయనొక్కడే ఏమీ దాచుకోకుండా ఉండాడు" అని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజు అన్న బ్రష్షు పట్టి ఉంటే, ఈ మాట నాకు దక్కేది కాదు.

కబురు తెలిశాక ఆమె గోడ మీది ఫోటో దించి, కొంగుతో తుడిచి, ఇప్పటి నా బట్టతలనూ దాన్నీ మార్చి మార్చి చూసింది. ఎవరూ గీయాల్సిన పని లేకుండా రెండూ ఒకటిగానే ఉన్నాయి.

"ఆ పొద్దు ఏం జెప్పబోయినావు?"

"పడలేదని."

ఫోటోలో నా నోరు సగం తెరిచి ఉంది. చెవి మీదికి జారిన గంధపు చుక్క, ఇన్నేళ్లయినా కింద పడకుండా, అక్కడే ఆగి ఉంది.